ఎన్ని అలారాలు మోగుతున్నాయి? ఇంటింటి స్మోక్ అలారం కార్యక్రమాల్లో దేన్ని ఎంచుకోవాలి

మీరు ఓ నిధుల కమిటీలో ఉన్నారనుకోండి. లేదా మీ ప్రాంతంలో ఇంటింటికీ స్మోక్ అలారాలు, అంటే పొగను పసిగట్టి మోగే పరికరాలు, పెట్టించే పని నెత్తినేసుకున్నారనుకోండి. బల్ల మీద మూడు ప్రతిపాదనలున్నాయి. మొదటివాళ్లు ఏడాదిలో ఐదు వేల అలారాలు ఉచితంగా పంచుతామంటున్నారు. రెండోవాళ్లు అదే డబ్బుతో రెండు వేల ఇళ్లకు నిచ్చెనతో సహా వెళ్లి, స్వయంగా బిగించి వస్తామంటున్నారు. మూడోవాళ్లు పెద్ద అంకె ఏదీ చెప్పడం లేదు. అగ్నిమాపక సిబ్బంది ఇల్లంతా తిరిగి చూసి, ముప్పు ఎక్కడ పొంచి ఉందో ఇంటివాళ్లకు చూపించి, అలారం బిగించి, ఏడాదికోసారి మళ్లీ వచ్చి చూస్తారంటున్నారు. కమిటీ సమావేశాల్లో ఏం జరుగుతుందో తెలిసిందే. ఐదు వేలు అన్న మాట వినగానే సగం చేతులు పైకి లేస్తాయి.

కాసేపు ఆ చేతుల్ని దించమనండి. ఏట్లో పారేసినా ఎంచి పారేయాలన్నారు పెద్దలు. ఇక్కడ చిక్కల్లా దేన్ని ఎంచాలన్న దగ్గరే వస్తుంది. పంచిన అలారాలను లెక్కపెట్టడం సులువు, గోడౌన్ రసీదులు చూస్తే సరిపోతుంది. బిగించినవాటిని లెక్కపెట్టడం కొంచెం కష్టం. ఏడాది పోయాక, రెండేళ్లు పోయాక బటన్ నొక్కితే మోగేవి ఎన్నో తెలియాలంటే మాత్రం ఆ ఇళ్ల తలుపులు మళ్లీ తట్టాలి. ఆ పని ఖర్చుతో కూడుకున్నది, పైగా వచ్చే జవాబు చాలాసార్లు సిగ్గుపడేలా ఉంటుంది. అందుకే చాలా కార్యక్రమాలు మొదటి లెక్క దగ్గరే ఆగిపోతాయి. నేను మాత్రం మూడో లెక్క ఇవ్వలేని ప్రతిపాదనను, ఇస్తామని రాతపూర్వకంగా ఒప్పుకోని ప్రతిపాదనను, అది ఎంత చవకైనా సరే పక్కన పెట్టేస్తాను.

ఎందుకంత మొండితనం అంటే, ఒక్క గణాంకం చాలు. అమెరికాలో 2014 నుంచి 2018 వరకు ఇళ్లలో జరిగిన అగ్నిప్రమాద మరణాలను అక్కడి జాతీయ అగ్నిరక్షణ సంఘం ఎన్‌ఎఫ్‌పీఏ విడగొట్టి చూసింది. 41 శాతం మరణాలు అసలు అలారమే లేని ఇళ్లలో జరిగాయి. మరో 16 శాతం, అలారం ఉండి కూడా మోగని ఇళ్లలో. పనిచేసే అలారం ఉన్న ఇళ్లలో, ప్రతి వెయ్యి ప్రమాదాలకు చనిపోయినవారి సంఖ్య మిగతా ఇళ్లకంటే 55 శాతం తక్కువ. ఈ అంకెల్లో నా కళ్లు ఎప్పుడూ ఆ 16 దగ్గరే ఆగుతాయి. డబ్బాలు పంచి చేతులు దులుపుకునే కార్యక్రమం ఒక ఇంటిని మొదటి వరుసలోంచి తీసి రెండో వరుసలో పడేసిందనుకోండి, అది కాపాడింది ఎవర్ని? పైకప్పుకు తెల్లటి గుండ్రటి వస్తువు ఒకటి కనిపిస్తూ ఉంటుంది కాబట్టి ఆ ఇంటివాళ్లు గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోతారు. అదొక్కటే తేడా.

రెండు నగరాలు, రెండు జవాబులు

ఉచితంగా పంచితే ఫలితం ఉంటుందా అన్న ప్రశ్నకు రెండు నగరాలు పూర్తిగా ఎదురెదురు జవాబులిచ్చాయి. ఏ ప్రతిపాదననైనా తూచేముందు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటం నాకు అలవాటు.

మొదటిది అమెరికాలోని ఓక్లహోమా సిటీ. ఇళ్ల అగ్నిప్రమాదాల్లో గాయపడేవారి రేటు నగరంలోకెల్లా ఎక్కువగా ఉన్న ప్రాంతాన్ని ఎంచుకుని, 1990లో అలారం లేని ఇళ్లకు ఉచితంగా ఇచ్చారు. 9,291 ఇళ్లకు 10,100 అలారాలు వెళ్లాయి. ఆ తర్వాతి నాలుగేళ్లలో అక్కడ గాయాల రేటు లక్ష మందికి 15.3 నుంచి 3.1కి, అంటే 80 శాతం పడిపోయింది. అదే కాలంలో మిగతా నగరంలో రేటు తగ్గకపోగా కాస్త పెరిగింది. 1996లో ఈ ఫలితాలు వైద్య పత్రికలో వచ్చాక, ఉచిత పంపిణీ కార్యక్రమాలకు ఇదే పెద్ద దిక్కయింది. ఇప్పటికీ గ్రాంటు అడిగే ప్రతి దరఖాస్తులో ఓక్లహోమా పేరు కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

రెండోది లండన్. నగరం నడిబొడ్డున పేదరికం ఎక్కువగా ఉన్న 40 వార్డులను తీసుకుని, ఎవరికి ఇవ్వాలి ఎవరికి ఇవ్వకూడదు అన్నది లాటరీ తీసినట్టు నిర్ణయించారు. ఎంపికైన వార్డుల్లో 20,050 అలారాలు పంచారు. బిగించుకోవడానికి కావలసిన సామగ్రి, సూచనల పుస్తకం కూడా ఇచ్చారు. 2002లో ఫలితం బయటికొచ్చింది. అగ్నిప్రమాద గాయాలు తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో చూద్దామని కొన్ని ఇళ్లను ఎంచి తనిఖీ చేస్తే అసలు సంగతి తెలిసింది. అలారాలు పంచిన వార్డుల్లో చూసిన 119 ఇళ్లలో 36 ఇళ్లకే అలారం బిగించి ఉంది. పంచని వార్డుల్లో చూసిన 109 ఇళ్లలో 35 ఇళ్లకు ఉంది. పనిచేసేవి లెక్కపెడితే 118లో 19, 108లో 18. అంటే ఇరవై వేల డబ్బాలు చేతులు మారాక కూడా, పంచిన వీధికీ పంచని వీధికీ పైకప్పు చూసి తేడా పట్టలేని పరిస్థితి.

ఈ రెండో లెక్కలో నాకు అన్నిటికంటే విలువైన పాఠం ఆ పోలిక వీధులే. అవి లేకపోయి ఉంటే నిర్వాహకులు "మేం పంచిన ప్రాంతంలో 30 శాతం ఇళ్లలో అలారాలున్నాయి" అని నిజాయతీగానే రాసుకునేవారు, మనమూ చప్పట్లు కొట్టేవాళ్లం. వాళ్లు పంచకపోయినా అన్నే ఉండేవని తెలిసేది కాదు. మీ ముందుకొచ్చిన నివేదికలో "కార్యక్రమం తర్వాత" అన్న అంకె ఉంటే, వెంటనే "కార్యక్రమం జరగని చోట?" అని అడగండి. జవాబు లేకపోతే ఆ అంకెతో ఏమీ తేలదు.

అలాగని ఓక్లహోమా ఫలితం అబద్ధమనడం లేదు. 80 శాతం తగ్గుదలను కాకతాళీయమని కొట్టేయలేం. కానీ ఒక మెలిక ఉంది. అత్యధిక రేటు ఉన్న చోటును ఏరి తీసుకుంటే, మనం వేలు పెట్టకపోయినా మరుసటి ఏళ్లలో ఆ రేటు కొంత దిగిరావడం సహజం. పరీక్షలో అందరికంటే తక్కువ మార్కులొచ్చిన పిల్లాడు తర్వాతి పరీక్షలో కాస్త పైకి రావడం లాంటిది ఇది, ట్యూషన్ పెట్టినా పెట్టకపోయినా. పైగా అక్కడ ఇచ్చింది అలారం లేని ఇళ్లకే. లాటరీ పద్ధతిలో పోల్చిన అధ్యయనాన్ని, ముందూ తర్వాతా చూసిన అధ్యయనాన్ని ఒకే తక్కెడలో వేయకూడదు. లండన్ లెక్కకే నేను ఎక్కువ బరువిస్తాను. ఓక్లహోమా నుంచి నేర్చుకునేది వేరే ఉంది, దానికి తర్వాత వస్తాను.

మీ ముందున్న దారులు

డబ్బా చేతికిచ్చి వచ్చే పద్ధతి మొదటిది. జాతరలో, బడిలో, ఫైర్ స్టేషన్ గుమ్మం దగ్గర పంచుతారు. తక్కువ ఖర్చు, తక్కువ మనుషులు, బోలెడన్ని ఫొటోలు. తీసుకున్నవాళ్లలో చాలామంది మంచి ఉద్దేశంతోనే ఇంటికి తీసుకెళ్తారు. నిచ్చెన దొరకదు, డ్రిల్ ఉండదు, వచ్చే ఆదివారం చూద్దామనుకుంటారు, ఆ ఆదివారం రాదు. వయసు పైబడినవాళ్లు కుర్చీ ఎక్కి పైకప్పుకు మేకు కొట్టాలనుకోవడం మరో ప్రమాదానికి పిలుపు. ఈ పద్ధతి పనికొచ్చేది ఒక్క సందర్భంలోనే అనిపిస్తుంది: తీసుకునేవాళ్లకు బిగించుకునే ఓపిక, పనిముట్లు ఉండి, కొనే డబ్బు మాత్రమే లేనప్పుడు. అలాంటి ప్రాంతం మీది అని గట్టిగా తెలిస్తే తప్ప దీని జోలికి పోకండి.

వాలంటీర్లు ఇంటింటికీ వెళ్లి బిగించే పద్ధతి రెండోది. అమెరికన్ రెడ్‌క్రాస్ 2014 అక్టోబరులో మొదలుపెట్టిన ఇళ్ల అగ్నిప్రమాదాల ప్రచారం ఈ కోవలో అందరికీ తెలిసింది. ఇప్పటికి ఇరవై లక్షలకు పైగా అలారాలు బిగించారు. మెచ్చుకోవలసింది ఆ అంకెకంటే వాళ్ల పని తీరును. బృందంగా వెళ్తారు, ఒకరు బిగిస్తుంటే ఇంకొకరు ఇంటివాళ్లను కూర్చోబెట్టి, అలారం మోగితే రెండు నిమిషాల్లో ఎలా బయటపడాలో, బయట ఎక్కడ కలుసుకోవాలో కాగితం మీద గీయిస్తారు. ఈ రెండో పని లేకపోతే అలారం సగం పనిముట్టే. అర్ధరాత్రి మోత విని లేచిన మనిషికి ఎటు పరిగెత్తాలో తెలియకపోతే ఏం లాభం? ఈ పద్ధతిలో బలహీనత మళ్లీ వెళ్లి చూడటంలో ఉంటుంది. వాలంటీర్లకు కొత్త ఇంటికి వెళ్లి బిగించడంలో ఉన్న ఉత్సాహం, పాత ఇంటికి వెళ్లి బటన్ నొక్కడంలో ఉండదు. మనుషులం కదా.

అగ్నిమాపక శాఖే ఇంటికి వచ్చి చూసే పద్ధతి మూడోది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2004 నాటి చట్టం అగ్నిభద్రత ప్రచారాన్ని అగ్నిమాపక సేవల విధుల్లో ఒకటిగా చేసింది. అక్కడి సిబ్బంది ఇళ్లకు వెళ్లి భద్రతా తనిఖీలు చేస్తుంటారు. యూనిఫాం చూడగానే తలుపు తెరుచుకోవడం ఈ పద్ధతికి పెద్ద ఆస్తి. పైగా వాళ్ల కన్ను వేరు. మంచం పక్కన సిగరెట్ పీకలు, ఒకే ప్లగ్గుకు గుచ్చిన నాలుగు ఎక్స్‌టెన్షన్లు, తాళం వేసి తాళంచెవి ఎక్కడో పెట్టిన వెనక తలుపు లాంటివి వాలంటీరు కంటికి ఆనవు. ఖర్చు ఎక్కువ, వేగం తక్కువ. వలస వచ్చినవారు, పత్రాలు లేనివారు ఎక్కువగా ఉన్న చోట మాత్రం యూనిఫాం తలుపులు తెరిపించదు, మూయిస్తుంది. ఆ సంగతి మీ ప్రాంతంలో ఎలా ఉందో మీకే తెలియాలి.

నాలుగోది, ఇంటికి వచ్చే నర్సు, వృద్ధుల సహాయకులు, సామాజిక కార్యకర్తలు "ఈ ఇంటికి అలారం కావాలి" అని పేరు రాసి పంపే పద్ధతి. బండి నెమ్మదిగా కదులుతుంది కానీ, సరిగ్గా ఎవరికి కావాలో వాళ్లకే చేరుతుంది. ఒంటరిగా ఉండే వృద్ధులు, మంచం పట్టినవారు, ఆక్సిజన్ వాడేవారు ఏ జాతరకూ రారు, ఏ వాలంటీరు తలుపు తట్టినా లేచి తీయలేరు. ఇక చట్టం దారి ఒకటుంది. స్కాట్లండ్‌లో 2022 ఫిబ్రవరి నుంచి ప్రతి ఇంటికీ ఒకదానితో ఒకటి అనుసంధానమైన అలారాలు తప్పనిసరి. అది కమిటీల చేతిలో ఉండే పని కాదు కాబట్టి ఇక్కడితో వదిలేస్తాను.

నా ఓటు ఎటంటే, రెండోదీ నాలుగోదీ కలిపిన కార్యక్రమానికి. పేర్లు ఇచ్చే పని ఆ ఇళ్లకు ముందే వెళ్లే మనుషులు చేయాలి, బిగించే పని శిక్షణ పొందిన బృందం చేయాలి. ఓక్లహోమా నుంచి నేర్చుకోవాల్సింది ఇదే. వాళ్లు అందరికీ పంచలేదు. గాయాలు ఎక్కువున్న చోటును పటం మీద గుర్తించి, అందులో అలారం లేని ఇళ్లను వెతుక్కున్నారు. అలారం ఉన్న ఇంటికి రెండోది ఇచ్చి లెక్క పెంచుకోవడం కంటే, ఏమీ లేని ఇంటికి మొదటిది ఇవ్వడం ఎన్నో రెట్లు మేలు.

డబ్బు లెక్క వేసే తీరు

ఒక్కో అలారానికి ఎంత ఖర్చయింది అన్న ప్రశ్న తప్పుడు ప్రశ్న. ఏడాదిన్నర తర్వాత మోగుతున్న, ఈ కార్యక్రమం లేకపోతే ఉండి ఉండని, ఒక్కో అలారానికి ఎంత ఖర్చయింది అని అడగాలి. వాక్యం నోరు తిరగదని తెలుసు. కానీ అందులో ప్రతి ముక్కా అవసరమే.

ఒక ఊహాజనిత లెక్క చూద్దాం. ఒకే మొత్తంతో మొదటి కార్యక్రమం 1,000 ఇళ్లకు డబ్బాలు పంచగలదు, రెండోది 400 ఇళ్లకు బిగించగలదు అనుకుందాం. డబ్బాలు తీసుకున్న వెయ్యి ఇళ్లలో 16 శాతం మందికి, అంటే 160 ఇళ్లలో, చివరికి పనిచేసే అలారం ఉందనుకోండి. ఏమీ పంచకపోయినా 100 ఇళ్లలో ఎలాగూ ఉండేదనుకోండి. అదనంగా వచ్చింది 60. రెండో కార్యక్రమం 400 ఇళ్లలో బిగిస్తే, ఏడాదిన్నర తర్వాత 280 పనిచేస్తున్నాయనుకుందాం. ఏమీ చేయకపోయినా 40 ఇళ్లలో ఉండేది. అదనం 240. మొదట్లో "వెయ్యి" ముందు "నాలుగు వందలు" చిన్నబోయింది. చివర్లో 60కి 240 నాలుగింతలు. ఈ అంకెలు నావి, మీ ప్రాంతానివి వేరుగా ఉంటాయి. ప్రతిపాదన తెచ్చినవాళ్లతోనే ఈ గడులు నింపించండి. గడి నింపడానికి తడబడితే అదే సగం జవాబు.

ఏ అలారం పెడతారన్నది పక్క విషయం కాదు

చాలా కమిటీలు ఇక్కడ పప్పులో కాలేస్తాయి. కార్యక్రమాన్ని చూస్తాయి కానీ పెట్టెలో ఉన్న వస్తువును చూడవు. అలారం ఎందుకు మూగబోతుందో చూస్తే అర్థమవుతుంది. మోగాల్సి ఉండి మోగనివాటిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం బ్యాటరీ తీసేయడం, లేదా కరెంటు కనెక్షన్ ఊడదీయడం. ఎందుకు తీస్తారు? తాలింపు పెట్టిన ప్రతిసారీ అది గోల పెడుతుంటే ఎవరైనా తీస్తారు. బ్యాటరీ అయిపోవస్తున్నప్పుడు అర్ధరాత్రి నిమిషానికోసారి కీచుమంటుంటే ఇంకా ముందే తీస్తారు. అలా తీసినవాళ్లను తిట్టి లాభం లేదు. వాళ్లకు ఆ వస్తువును ఇచ్చినవాళ్లు ఆలోచించాల్సింది.

పొగను పట్టే సెన్సర్‌ను బట్టి అలారాల్లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. అయొనైజేషన్ రకం మంట త్వరగా లేచే ప్రమాదాలను తొందరగా పట్టుకుంటుంది, వంట పొగకు కూడా తొందరగా గోలపెడుతుంది. ఫోటోఎలక్ట్రిక్ రకం నెమ్మదిగా రాజుకుంటూ పొగ కక్కే ప్రమాదాలను ముందు పసిగడుతుంది, వంటకు తక్కువ మోగుతుంది. అమెరికాలోని కింగ్ కౌంటీలో, అంటే సియాటెల్ చుట్టుపక్కల, ఏ ఇంటికి ఏ రకమో లాటరీ పద్ధతిలో నిర్ణయించి బిగించి చూశారు. తొమ్మిది నెలల తర్వాత అయొనైజేషన్ రకంలో 20 శాతం పనిచేయడం లేదు, ఫోటోఎలక్ట్రిక్ రకంలో 5 శాతం.

ఇంతటితో ఫోటోఎలక్ట్రిక్ గెలిచిందనుకోకండి. లండన్‌లోని కామ్డెన్‌లో మునిసిపల్ ఇళ్లలో ఐదు రకాలను పోల్చినప్పుడు, 15 నెలల తర్వాత ఎక్కువగా నిలబడింది దీర్ఘకాలం పనిచేసే లిథియం బ్యాటరీ, గోల ఆపే బటన్ రెండూ ఉన్న అయొనైజేషన్ రకమే. మొత్తం మీద చూస్తే అక్కడ బిగించిన అలారాల్లో సుమారు సగమే పనిచేస్తూ మిగిలాయి. గుర్తుంచుకోండి, వాటిని పంచలేదు, మనుషులు వెళ్లి బిగించారు. బిగించినా సగం పోయాయి. ఈ రెండు ప్రయోగాలనూ కలిపి చదివితే నాకు తోచేది, సెన్సర్ రకం కంటే ఇంటివాళ్లను విసిగించకపోవడం ముఖ్యమని. బ్యాటరీ మార్చే పని లేకపోవడం, ఒక్క నొక్కుతో గోల ఆగడం, పొయ్యికి దూరంగా ఉండటం, ఈ మూడూ ఉన్నదాన్ని ఎవరూ పీకేయరు. పొయ్యికి కనీసం మూడు మీటర్ల ఎడం ఉండాలన్నది మామూలు నియమం. వంటగదికి పడకగదికి మధ్య అంత దూరం లేని చిన్న ఇళ్లలో అయొనైజేషన్ కంటే ఫోటోఎలక్ట్రిక్ మేలు.

పదేళ్ల సీల్డ్ బ్యాటరీ ఉన్నదాన్నే అడగండి. ఖరీదు ఎక్కువే. కానీ మామూలు బ్యాటరీ వేసిన చవక అలారం కొంటే, రెండో ఏడు బ్యాటరీలు పంచే కార్యక్రమం ఇంకొకటి మొదలుపెట్టాల్సి వస్తుంది. పదేళ్లు నిండాక అలారం బాగానే మోగుతున్నట్టు కనిపించినా మార్చేయాలి, లోపలి సెన్సర్ మందగిస్తుంది. సీలు వేసిన బ్యాటరీని బయటికి లాగలేరు కానీ, మొత్తం అలారాన్నే పైకప్పు నుంచి పీకి బీరువాలో పడేయొచ్చు. సీల్డ్ అన్న మాట విని నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఇంటికొకటి అన్న లెక్కనూ నిలదీయండి. ఎన్‌ఎఫ్‌పీఏ ప్రమాణం ప్రకారం ప్రతి పడకగదిలో, పడకగదుల బయట, ప్రతి అంతస్తులో ఉండాలి. రెండు అంతస్తుల ఇంటికి కింద ఒకటి బిగించి "ఒక ఇల్లు పూర్తి" అని రాసుకునే కార్యక్రమం, పై అంతస్తులో తలుపు వేసుకుని పడుకున్నవాళ్ల సంగతి మరచింది. చెవులు సరిగా వినపడనివారికి మామూలు అలారం కీచుమనే శబ్దం పనికిరాదు. తక్కువ పౌనఃపున్యం, 520 హెర్ట్జ్ శబ్దం చేసేవి ఉన్నాయి, మంచాన్ని కుదిపేవి ఉన్నాయి. ప్రతిపాదనలో ఇవి ఉన్నాయా? ఉంటే ఎన్ని? "అవసరమైతే చూస్తాం" అన్నది జవాబు కాదు. చిన్నపిల్లలు అలారం మోగినా నిద్ర లేవకపోవడం మామూలే. అందుకే ఎవరు ఎవరిని లేపాలో ముందే అనుకోవడం కూడా ఆ రెండు నిమిషాల ప్రణాళికలో ఉండాలి.

నివేదికను చదివేటప్పుడు

"మా కార్యక్రమం మొదలయ్యాక మరణాలు రెండు నుంచి సున్నాకు వచ్చాయి" అని రాసి ఉంటే నేను పేజీ తిప్పేస్తాను. కొన్ని వేల ఇళ్లున్న ప్రాంతంలో ఇంటి అగ్నిప్రమాద మరణం చాలా అరుదు. ఒక ఏడు రెండు, మరో ఏడు సున్నా, ఇంకో ఏడు మూడు, ఏ కార్యక్రమమూ లేకపోయినా ఇలాగే ఊగుతుంది. చిన్న ప్రాంతంలో మరణాలతో ఫలితం కొలవడం కుదరదు. పనిచేసే అలారాల శాతంతోనే కొలవాలి.

"కాపాడిన ప్రాణాలు" అన్న అంకెను ఎలా లెక్కగట్టారో కూడా అడగాలి. అలారం పెట్టిన ఇంట్లో మంట లేచి, అందరూ క్షేమంగా బయటపడితే, ఆ ఇంట్లో ఉన్నవాళ్లందరినీ ఆ లెక్కలో వేసుకునే అలవాటు ఉంది. వాళ్లలో మెలకువగా ఉండి, వాసన పట్టి, అలారం లేకపోయినా బయటికొచ్చేవాళ్లు ఎంతమంది? కథగా అది బాగుంటుంది, విరాళాల సేకరణకు అంతకంటే బాగుంటుంది. రెండు కార్యక్రమాలను పోల్చే కొలబద్దగా మాత్రం పనికిరాదు.

తనిఖీ ఎలా చేశారన్నది అన్నిటికంటే ముఖ్యం. ఫోన్ చేసి "మీ అలారం పనిచేస్తోందా?" అని అడిగితే ఎక్కువమంది "ఆ, పనిచేస్తోందండీ" అంటారు. ఉచితంగా ఇచ్చినవాళ్లు అడుగుతుంటే, పీకి పక్కన పడేశామని ఎలా చెబుతారు? ఇంటికి వెళ్లి, కళ్లతో చూసి, బటన్ నొక్కాలి. వెళ్లే ఇళ్లను జాబితాలోంచి లాటరీ తీసి ఎంచాలి. దగ్గర్లో ఉన్నవి, మంచిగా మాట్లాడేవాళ్లవి చూసి వస్తే ఆ తనిఖీకి విలువ లేదు. తలుపు తీయని ఇళ్లను లెక్కలోంచి తీసేయకుండా, "తీయలేదు" అని విడిగా రాయాలి. తలుపు తీయని ఇళ్లలోనే అలారాలు ఎక్కువగా మూగబోయి ఉంటాయని నా అనుమానం.

ఎన్ని ఇళ్లు చూడాలంటే, వంద ఇళ్లు చూసి 70 శాతం పనిచేస్తున్నాయని తేలితే, అసలు సంఖ్య 61కి 79కి మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. రెండు వందల ఇళ్లు చూస్తే ఆ ఊగిసలాట రెండు వైపులా ఆరు శాతం దాకా తగ్గుతుంది. ఇరవై ఇళ్లు చూసి "85 శాతం విజయం" అని రాస్తే నవ్వి ఊరుకోండి. పనిచేయని ప్రతి అలారానికీ కారణం రాయించండి: ఊడిపోయిందా, పీకేశారా, వంటగది గోలా, ఇల్లు మారేటప్పుడు పట్టుకెళ్లారా, రంగులేసేటప్పుడు తీసి మళ్లీ పెట్టలేదా. తర్వాతి విడతలో ఏం మార్చాలో ఈ జాబితాయే చెబుతుంది. మొత్తం శాతంకంటే నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

ఒప్పందం మీద సంతకం పెట్టేముందు

అద్దె ఇళ్లలో ఇంటి యజమాని అనుమతి ఎవరు తీసుకుంటారు? పాత ఇళ్ల పైకప్పుల్లో ఆస్బెస్టాస్ ఉంటే డ్రిల్ వేయకుండా అంటించే పద్ధతి ఉందా? వాలంటీరు నిచ్చెన మీంచి పడితే బాధ్యత ఎవరిది? వీటికి మాటల్లో కాకుండా కాగితం మీద జవాబు ఉండాలి. కిరాయిదారులు మారినప్పుడు కొత్తవాళ్లకు ఆ అలారం సంగతి ఎవరు చెబుతారన్నది ఎవరూ అడగని ప్రశ్న, మీరు అడగండి.

బడ్జెట్‌లో పదో వంతయినా తనిఖీకి పక్కన పెట్టమనండి. "ఆ డబ్బుతో ఇంకో రెండు వందల ఇళ్లకు పెట్టొచ్చు కదా" అనే వాదన వస్తుంది, తప్పకుండా వస్తుంది. పెట్టినవాటిలో సగం మూగబోయాయో లేదో తెలియకుండా ఇంకో రెండు వందలు పెట్టి ఏం చేస్తాం? చివరి విడత చెల్లింపును ఆ తనిఖీ నివేదిక చేతికొచ్చేదాకా ఆపండి. పంచిన సంఖ్య మీద డబ్బిస్తే పంచుతారు, మోగే సంఖ్య మీద డబ్బిస్తే మోగేలా చూస్తారు.

రెండు ప్రతిపాదనల మధ్య ఎటూ తేలకపోతే, రెంటికీ చెరో కొన్ని వీధులిచ్చి, మూడో గుంపు వీధులను ఆరు నెలలు ఖాళీగా ఉంచండి. ఏ వీధి ఎవరికన్నది చీటీలు వేసి తేల్చండి. ఖాళీగా ఉంచిన వీధులకు "మీకు తర్వాత విడతలో వస్తుంది" అని ముందే చెప్పి, మాట నిలబెట్టుకోండి. ఆరు నెలలయ్యాక మూడు చోట్లా మనుషుల్ని పంపి బటన్లు నొక్కించండి. ఆ మనుషులు ఏ కార్యక్రమానికీ చెందినవాళ్లు కాకుండా చూసుకోండి. అలారం బిగించిన రోజునే దాని వెనక మార్కర్‌తో తేదీ రాయించడం మరచిపోవద్దు. తనిఖీకి వెళ్లినవాళ్లు కిందికి దించి చూస్తే అది ఎవరు పెట్టిందో, పదేళ్లు ఎప్పుడు నిండుతాయో అక్కడే తెలుస్తుంది.